తాతగారి పెట్టెలో ఏమున్నది?

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు మన పెద్దలు. ఈ రెండూ చేసి కష్టసుఖాలు చూచినవారు మన చదువరులలో కొల్లలు. పెళ్ళి సంగతి అట్లా వుంచి ఇంటి సంగతి అడిగితే, ఇటుక ధర ఎంత, సున్నం ఎక్కడినుంచి తెచ్చారు, మేస్త్రీ ఎన్నాళ్ళు పని ఎగవేశాడు అన్నది నోటికి చెప్పగల తాతగార్లు ఇంకా మన మధ్య వున్నారు. అయితే ఆ ఇంటి ప్లాను ఏదీ, కంట్రాక్టరు ఇచ్చిన రశీదులేవీ, ఆ రోజులలో వూరినుంచి అన్నగారు వ్రాసిన ఉత్తరాలేవీ అని అడగండి. "అటక మీద వుండాలి" అంటారు. కొంచెం ఆలోచించి, "వుండేవి" అంటారు. ఆ రెండు మాటల మధ్య పోయినదాన్ని గురించే ఈ నెల నాలుగు మాటలు చెప్పదలచాము.

ఈ ప్రస్తావనకు ఒక కారణం వున్నది. అమెరికాలో పుట్టిన మోర్మను సంఘంవారు మన బెంగుళూరులో ఒక దేవాలయం కడతామని 2018 ఏప్రిల్‌లో ప్రకటించారు. 2020 డిసెంబరులో నేల తవ్వి పని ఆరంభించారు. భారతదేశంలో వారు తలపెట్టిన మొదటి దేవాలయం ఇదే. మోర్మనులన్నది లోకం పెట్టిన పేరు. వారు తమను యేసు క్రీస్తు యొక్క కడవరి దిన పరిశుద్ధుల సంఘము అని చెప్పుకుంటారు. మన తెలుగువారిలోనూ వారు వున్నారు. హైదరాబాదు, విశాఖపట్నం, రాజమండ్రి ప్రాంతాలలో వారి సభలు జరుగుతాయి. దేశంలో వారి మొదటి పెద్ద విభాగం 2012లో ఏర్పడింది హైదరాబాదులోనే. వారి మతం మంచిచెడ్డలు తేల్చడం ఈ పేజీ పని కాదు. కాని కాగితం దాచే విషయంలో వారి కథ ఒకటి మనం వినదగినది.

ఆ సంఘాన్ని జోసెఫ్ స్మిత్ అనే ఆయన 1830లో న్యూయార్కు రాష్ట్రంలో స్థాపించాడు. ఒకచోట నిలవనీయక ఇరుగుపొరుగువారు తరిమివేయగా, చివరకు ఇల్లినాయి రాష్ట్రంలో మిసిసిపీ నది ఒడ్డున నావూ అనే పట్టణం కట్టుకున్నారు. అక్కడ ఒక గొప్ప రాతి దేవాలయానికి 1841లో పునాదిరాయి వేశారు. దాని ప్లాను గీచినవాడు విలియం వీక్స్. 1813లో పుట్టినవాడు, పనితనం తెలిసిన వడ్రంగి.

ఈ వీక్స్‌కూ స్మిత్‌కూ కిటికీల దగ్గర ఒక వాదం వచ్చిందట. పెద్ద కిటికీల వరుసల మధ్య గుండ్రని కిటికీలు పెట్టాలని స్మిత్ అన్నాడు. ఇంత వెడల్పు గోడలో గుండ్రని కిటికీ శాస్త్రానికి విరుద్ధం, అర్ధచంద్రాకారంలో వుండాలి అన్నాడు వీక్స్. ఒక్కొక్క గుండ్రని కిటికీ నడుమ ఒక దీపం పెడితే గదికంతా వెలుతురు చాలుతుంది, నేను చెప్పినట్లే కానివ్వు అన్నాడు స్మిత్. ఇల్లు కట్టించేవాడికీ కట్టేవాడికీ మధ్య జరిగే ఈ సంవాదం వినని ఇల్లు బసవనగుడిలోగాని మల్లేశ్వరంలోగాని ఒక్కటైనా వుంటుందా? ఆ దేవాలయానికి గుండ్రని కిటికీలే పెట్టారు.

1844 జూన్ 27న ఒక మూక జైలుమీద పడి స్మిత్‌ను కాల్చి చంపింది. 1846లో మోర్మనులు దేవాలయం పూర్తిచేసి, పూర్తిచేస్తూనే వూరు వదలి పడమటికి బండ్లు కట్టారు. 1848లో ఎవరో నిప్పు పెట్టగా దేవాలయం తగులబడింది. 1850లో సుడిగాలి వచ్చి మొండిగోడలను కూల్చింది. మిగిలిన రాళ్ళను చుట్టుపక్కలవారు తమ ఇళ్ళకు మోసుకుపోయారు. కట్టడం అన్నది అక్కడ లేకుండా పోయింది.

వీక్స్ సంగతి ఏమయింది? ఆయన కూడా అందరితోపాటు సాల్ట్ లేక్ లోయదాకా వెళ్ళాడు గాని అక్కడ నిలవలేదు. పెద్దలతో పొసగక తిరిగిపోయాడు. చివరకు కాలిఫోర్నియాలో 1900లో కన్ను మూశాడు. సంఘానికీ ఆయనకూ సంబంధం తెగిపోయింది. అయినా ఆ ప్లానులను చింపివేయలేదు, పొయ్యిలో పెట్టలేదు. అవి ఆయన కూతురివైపు మనుమడి దగ్గరకు చేరాయి. 1948లో, అంటే దేవాలయం తగులబడిన సరిగ్గా నూరేళ్ళకు, కాలిఫోర్నియా ఎడారిలోని బోరన్ అనే చిన్న వూళ్ళో ఇద్దరు మోర్మను ప్రచారకులు ఇల్లిల్లూ తిరుగుతూ ఆయన తలుపు తట్టారు. ఆ మనుమడు వారి మతంవాడు కాడు. మాటల్లో తన తాత కట్టిన దేవాలయం సంగతి వచ్చింది. ఆయన ఆ పాత కాగితాల చుట్ట తెచ్చి వారి చేతిలో పెట్టి, మీ సంఘంవారికి పంపండి అన్నాడు.

అటు తరువాత మరి యాభై ఏళ్ళు అవి సాల్ట్ లేక్ నగరంలో భద్రంగా వున్నాయి. 1999లో ఆ దేవాలయాన్ని పాతచోటనే మళ్ళీ కట్టాలని సంఘం నిశ్చయించినప్పుడు, కొలత ఎంత, స్తంభం మీద రాయి ఎట్లా చెక్కాలి, కిటికీ ఎక్కడ వుండాలి అన్నది ఆ కాగితాలనుబట్టీ కొన్ని పాత ఛాయాచిత్రాలనుబట్టీ తేల్చుకున్నారు. 2002 జూన్ 27న, స్మిత్ చనిపోయిన తేదీనే, కొత్త దేవాలయానికి ప్రతిష్ఠ చేశారు. గుండ్రని కిటికీలు మళ్ళీ గోడకెక్కాయి.

ఇందులో మూడు సంగతులు మనం గమనించవలె. ఒకటి, కోపతాపాలతో విడిపోయినవాడు కూడా కాగితాన్ని శిక్షించలేదు. రెండు, ఆ కాగితాలు ఆడపిల్లవైపు సంతానం చేతిలో దక్కాయి. మన ఇళ్ళలో పెట్టె పెద్దకొడుక్కు పోతుంది, దాన్ని పదిలంగా చూచే ఓపిక మాత్రం తరచు కూతురికే వుంటుంది. ఆమెను అడిగేవారు లేరు. మూడు, ఆ మనుమడికి ఆ ప్లాను వల్ల కాసంత ఉపయోగం లేదు. తనకు అక్కరలేనిది ఎవరికి కావాలో గుర్తించి ఇచ్చాడు. దాచడం ఎంత ధర్మమో, తగినవారికి అప్పగించడమూ అంతే ధర్మం.

వీక్స్ తరువాత ఆ సంఘానికి వాస్తుశిల్పి అయినవాడు ట్రూమన్ ఏంజెల్. 1810లో పుట్టాడు, ఆయనా వడ్రంగమే నేర్చాడు. సాల్ట్ లేక్ మహాదేవాలయానికి ప్లాను ఆయనది. 1853లో మొదలైన ఆ కట్టడం 1893కు గాని పూర్తి కాలేదు, నలభై ఏళ్ళు పట్టింది. వేసిన పునాది బీటలు తీస్తే తీసి మళ్ళీ వేశారు. సైన్యం వస్తున్నదని 1858లో పునాదిని మట్టితో కప్పి దున్నిన పొలంలా కనిపించేట్లు చేశారు. ఏంజెల్ 1887లో చనిపోయాడు, శిఖరం చూడలేదు. అయితే ఆయన దినచర్య వ్రాసుకున్నాడు. ఆ పుస్తకాలు వారి గ్రంథాలయంలో వున్నాయి. అందులో రాళ్ళ కొలతలేగాక తన అనారోగ్యం, అలసట, చేతనవుతుందో కాదో అన్న బెంగ కూడా వున్నాయి. కట్టడాన్ని చూస్తే గర్వం కనిపిస్తుంది. దినచర్య చదివితే మనిషి కనిపిస్తాడు. రెండూ వుంటేనే కథ పూర్తి.

వారికి కాగితమంటే ఇంత శ్రద్ధ ఎందుకు అంటే, అది వారి మతంలోనే వున్నది. గతించిన పెద్దల పేర్లు చెప్పి వారి తరఫున దేవాలయంలో కర్మ జరిపే ఆచారం వారిది. కనుక తాతముత్తాతల పేర్లు తెలియాలి. ఇందుకోసం 1894లో వంశచరిత్రల సంఘం పెట్టుకుని, 1938 మొదలు లోకమంతటా చర్చీల, కచేరీల దస్తావేజులను ఫిల్ము తీయసాగారు. ఆ ఫిల్ములను సాల్ట్ లేక్ దగ్గర కొండను తొలిచి కట్టిన నేలమాళిగలో దాచారు. అన్యమతస్థుల పెద్దలకు కూడా ఈ కర్మ చేయడంపై అభ్యంతరాలు రాకపోలేదు. హిట్లరు కాలంలో బలి అయిన యూదుల విషయమై 1995లో యూదు సంఘాలతో ఒప్పందం చేసుకోవలసి వచ్చింది. అది అట్లా వుండగా, మన హరిద్వారంలో పండాల దగ్గర వున్న యాత్రికుల వహీలను కూడా వారు ఫిల్ము తీసుకున్నారని చాలామందికి తెలియదు. కాశీకో గయకో వెళ్ళినప్పుడు తీర్థ పురోహితుడు పుస్తకం తీసి మన ముత్తాత పేరు చదివి ఒళ్ళు జలదరింపజేస్తాడే, అటువంటి పుస్తకాలే అవి.

మనకూ ఈ శ్రద్ధ కొత్త కాదు. తర్పణం వదిలేటప్పుడు తండ్రి, తాత, ముత్తాత అని మూడు తరాలు, తల్లివైపు మూడు తరాలు పేరూ గోత్రమూ చెప్పి పిలుస్తాము. పిలవడానికి పేర్లు చాలు. కాని ఆ పేరుగల మనిషి ఏ వూరినుంచి ఎందుకు బయలుదేరాడు, బెంగుళూరులో మొదట ఎవరి పంచన దిగాడు, అప్పు ఎంత చేశాడు, ఇల్లు ఎట్లా కట్టాడు అన్నది మంత్రంలో లేదు. అది పెట్టెలో వున్నది.

కాగితం సేకరణలో మన తెలుగువారు ఒకప్పుడు లోకానికి దారి చూపారు కూడా. టిప్పుసుల్తాను పడిపోయిన 1799 తరువాత కర్నలు కాలిన్ మెకంజీ మైసూరు సీమను సర్వే చేసినప్పుడు ఆయనకు కుడిభుజంగా నిలిచినవారు కావలి బొర్రయ్య, లక్ష్మయ్య సోదరులు. బొర్రయ్య 1803లో చిన్నవయసులోనే పోయాడు. వారు వూరూరా తిరిగి కరణాల దగ్గర దండకవిలెలు, కైఫీయతులు, శాసనాల నకళ్ళు సంపాదించారు. మెకంజీ 1821లో చనిపోయాక ఆ రాశి చెల్లాచెదురు కాకుండా కుంపిణీవారు కొన్నారు. చెదలు తిని శిథిలమవుతున్న తెలుగు కైఫీయతులకు తరువాత సి.పి. బ్రౌను శుద్ధప్రతులు వ్రాయించాడు. ఆ మాత్రం పని జరిగివుండకపోతే ఎన్ని గ్రామాల చరిత్ర మనకు తెలిసేది?

ఇక మన బెంగుళూరు. ఇక్కడా ఒక వాస్తుశిల్పి కథ వున్నది. ఆటో కోనిగ్స్‌బర్గరు 1908లో బెర్లినులో పుట్టిన యూదుడు. 1933లో గొప్ప బహుమానం పొందిన ఏడాదే నాజీల చట్టం వల్ల ఉద్యోగం పోయింది. కైరోలో కొన్నాళ్ళు తలదాచుకున్నాడు. భౌతికశాస్త్రంలో మహానుభావుడైన మాక్స్ బోర్న్ ఆయనకు మేనమామ. రామన్ గారి పిలుపుమీద టాటా ఇన్‌స్టిట్యూటుకు వచ్చి కొన్ని నెలలు ఇక్కడ వున్నాడు. ఆ పరిచయాల పుణ్యమా అని, దివాన్ మీర్జా ఇస్మాయిలుగారి హయాంలో 1939లో కోనిగ్స్‌బర్గరు మైసూరు సంస్థానానికి ముఖ్య వాస్తుశిల్పిగా వచ్చాడు. టాటా ఇన్‌స్టిట్యూటులో విమానశాస్త్ర విభాగం భవనాలు, భోజనశాల, బసవనగుడి కృష్ణారావు పార్కులో మంటపం ఆయన చేతివే. సాయంకాలం ఆ పార్కులో నడిచే మన పెద్దలలో ఎంతమందికి ఈ సంగతి తెలుసు? తరువాత భువనేశ్వర్‌కు ప్లాను గీచి, ఢిల్లీలో కేంద్ర ప్రభుత్వంలో పనిచేసి, లండను చేరి, వేడిదేశాలలో ఇళ్ళు ఎట్లా కట్టాలో లోకానికి పాఠం చెప్పాడు. 1999లో చనిపోయాడు. బెర్లినులో పుట్టి, కైరోలో, బెంగుళూరులో, ఢిల్లీలో, లండనులో బ్రతికినవాడి కాగితాలు ఒక్క అటకమీద వుండవు. కొంత సర్కారు దస్త్రంలో, కొంత ఇంటి పెట్టెలో, కొంత ఎవరికో వ్రాసిన ఉత్తరంలో వుంటాయి. వూళ్ళు మారినవాడి చరిత్ర ఎప్పుడూ ఇట్లాగే ముక్కలుగా వుంటుంది.

వూళ్ళు మారినవాళ్ళమే మనమూను. చిక్కపేటలో బట్టల వ్యాపారానికి వచ్చినవారు, కంట్రాక్టులకు వచ్చినవారు, సర్కారు ఉద్యోగానికి వచ్చినవారు, 1898 ప్లేగు తరువాత పెరిగిన కొత్త పేటలలో స్థలం కొని పెంకుటిల్లు వేసుకున్నవారు మన ముందు తరాలవారు. ఆ ఇళ్ళు ఒక్కొక్కటే పోతున్నాయి. మద్రాసు మిద్దె, ముందు వరండా, కిటికీమీద చెక్కపని వున్న ఇంటిని బిల్డరుకు ఇచ్చి నాలుగు ఫ్లాట్లు తీసుకోవడం తప్పని మేము అనము. అన్నదమ్ములు నలుగురైనప్పుడు ఇల్లు ఒక్కటే అంటే కుదిరేదెట్లా? కాని ఇల్లు ఖాళీ చేసే ఆ వారంరోజులలో జరిగేది చూడండి. ఇత్తడి బిందెలు పంచుకుంటారు, టేకు మంచం పంచుకుంటారు, వెండి లెక్క చూస్తారు. క్రయపత్రమూ ఖాతా కాగితమూ వకీలుగారి దగ్గరకు చేరతాయి. మిగిలిన ట్రంకుపెట్టె పాత కాగితాలవాడి త్రాసుమీద కెక్కుతుంది. కిలో ఇంత అని తూచి ఇచ్చిన ఆ డబ్బు మూటలు మోసిన కూలికి చాలదు.

ఆ పెట్టెలో ఏముంటుందో చెప్పమంటారా? ఇంటి ప్లాను నీలికాగితం. మేస్త్రీ కూలి లెక్క. పెళ్ళి శుభలేఖలు, పెళ్ళి పద్దు పుస్తకం, చదివింపుల జాబితా. జాతకచక్రాలు. పుట్టింటినుంచి కోడలికి వచ్చిన కార్డులు. వీటిలో మొదట పోయేవి ఆడవారి కాగితాలు. మామగారు కలెక్టరుకు పెట్టుకున్న అర్జీ నకలు చట్రం కట్టించి గోడకు తగిలిస్తారు. అత్తగారు ముప్పై ఏళ్ళు వ్రాసిన ఇంటిఖర్చు పుస్తకం చిత్తుకాగితం కింద లెక్క. బియ్యం ధర, పాలవాడి జీతం, పురుటి ఖర్చు, ఎవరి చదువుకు ఏ నగ తాకట్టు పెట్టారో అన్నీ వున్నది ఆ పుస్తకంలోనే. ఇల్లు నిలబెట్టిన లెక్క అదే గదా!

మరొక చిక్కు వున్నది. ఇది మన ప్రత్యేకం. పెట్టె దక్కినా చదివేవారు దక్కాలి. బెంగుళూరులో మూడు నాలుగు తరాలనుంచి వున్న మన పిల్లలు తెలుగు మాట్లాడతారు, కన్నడం ఇంగ్లీషు చదువుతారు, తెలుగు వ్రాత మాత్రం రాదు. తాతగారి ఉత్తరం చేతిలో వుండి కూడా వారికి అది మూగదే. దీనికి మందు మనం అనుకున్నంత కష్టం కాదు. కన్నడమూ తెలుగూ ఒకే లిపి కడుపున పుట్టిన అక్కచెల్లెళ్ళు. కన్నడం చదవగల పిల్లవాడికి తలకట్టు తేడా, ఓ పది అక్షరాల తేడా చూపితే పదిహేను రోజులలో అచ్చుతెలుగు పుస్తకం కూడబలుక్కుంటాడు. పాతకాలపు గొలుసుకట్టు వ్రాత మాత్రం అట్లా లొంగదు. అది చదవగలవారు ఎనభై దాటినవారు. వారి కళ్ళూ గొంతూ వుండగానే దగ్గర కూర్చుని చదివించుకోవలె. మనుమరాలు ఫోనులో ఆ గొంతు పట్టుకుంటే ఇంకా మేలు. ఈ పని వచ్చే సంక్రాంతికి అని వాయిదా వేసేది కాదు.

దాచే పద్ధతి కొంచెం చెబుతాము. కాగితాలు వున్న వరుస చెడగొట్టకండి. ఏ కట్ట పక్కన ఏ కట్ట వున్నదో అదీ ఒక సమాచారమే. ఇనుప గుండుసూదులు, క్లిప్పులు తీసివేయండి. తుప్పు కాగితాన్ని తింటుంది. చిరుగుకు గాజుటేపు అంటించవద్దు; పదేళ్ళకు పసుపుపచ్చని మరక మిగులుతుంది. లామినేషను అసలే వద్దు. చేసినదాన్ని తీయడం సాధ్యం కాదు. ఛాయాచిత్రం వెనుక మెత్తని పెన్సిలుతో, అదిమి వ్రాయకుండా, ఎవరు, ఎక్కడ, ఏ ఏడు అని వ్రాయండి. పాత నీలి ప్లాను ఎండకు వెలిసిపోతుంది, చీకటిలో వుంచితే కొంత మళ్ళీ తేరుకుంటుంది. కనుక చట్రం కట్టి హాలులో వ్రేలాడదీయకండి. మడతలు పెట్టక చుట్టగా చుట్టి నూలుగుడ్డలో వుంచండి. గుడ్డ సంచీలో ప్రతి గ్రంథమూ కట్టిపెట్టిన మన తాళపత్రాలవారు తెలివితక్కువవారు కారు. అటకమీద వేడి, నేలమీద చెమ్మ, గోడకానిస్తే చెదలు. నడిగదిలో బీరువా మధ్య అర ఉత్తమం. ఫోనుతో బొమ్మ తీసుకోండి, నలుగురు అన్నదమ్ములకూ ఆడపడుచులకూ పంపండి. బొమ్మ తీశాము గదా అని అసలును పారవేయకండి.

ఇంటిగుట్టు బయటపడుతుందని భయమా? న్యాయమైన భయమే. ప్రతి ఇంట్లోనూ ఒక వ్యాజ్యం, ఒక అలిగిన బాబాయి, చెప్పుకోరాని ఒక అప్పు వుంటాయి. అటువంటి కట్టను వేరు చేసి, ఇన్నేళ్ళవరకు విప్పరాదని పైన వ్రాసి పెట్టండి. కాల్చివేయకండి. ఈనాటి సిగ్గు రెండు తరాలు పోయాక చరిత్ర అవుతుంది; కొన్నిసార్లు అదే ఒక మనిషికి చేసిన అన్యాయానికి సాక్ష్యమూ అవుతుంది.

ఇంట్లో చోటు లేనివారికి వూళ్ళో చోటు లేకపోలేదు. రాష్ట్ర పురాలేఖల శాఖ వున్నది. 1909లో ఏర్పడిన మిథిక్ సొసైటీ నృపతుంగ రోడ్డులో వున్నది. శాస్త్రజ్ఞుల కుటుంబాలవారికి జీవశాస్త్ర కేంద్రంవారి పురాలేఖాలయం వున్నది. అందరూ అన్నీ తీసుకోరు. ముందుగా అడిగి, జాబితా వ్రాసి, షరతులు కాగితం మీద పెట్టి ఇవ్వవలె. ఏదీ కుదరకపోతే దగ్గరి చుట్టాలలో శ్రద్ధ వున్నవారు ఎవరో వెతకండి. ఇంటిపేరు కలవకపోయినా సరే.

మన సంఘం ఒక చిన్న పని తలపెట్టవచ్చునని మా మనవి. నెలకొక ఆదివారం, పాత వ్రాత చదవగల పెద్దలు ఇద్దరు ముగ్గురు కూర్చుంటే, కావలసిన కుటుంబాలవారు ఒక్కొక్క ఉత్తరం తెచ్చి చదివించుకోవచ్చు. ఖర్చు ఏమీ లేదు, కాఫీ తప్ప. చదవగలవారు తమ పేర్లు కార్యదర్శిగారికి తెలియజేయగోరుతాము. ఇల్లు ఖాళీ చేయబోతున్నవారు మాత్రం ఆ ఆదివారం కోసం ఆగకండి. పాత కాగితాలవాడికి కబురు పెట్టకముందే మాకు ఒక కబురు పెట్టండి.